రంపం కూడా అక్కర్లేకపోయింది

పాపువా న్యూగినీ దేశపు పార్లమెంటు భవనం పోర్ట్ మోర్స్‌బీలో ఉంది. 1984లో తెరిచారు. సెపిక్ నది ప్రాంతంలో పూర్వీకుల ఆత్మలకు కట్టే ఇల్లు ఎలా ఉంటుందో ఆ తీరులోనే దాన్ని కట్టారు. ముఖద్వారం పైన అడ్డదూలానికి వరసగా చెక్కిన చెక్క తలలుండేవి, ఆ దేశపు ప్రాంతాల పెద్దల గుర్తులు. 2013 చివర్లో అప్పటి స్పీకర్ థియోడర్ జురెనుఒక్‌కు అవి దయ్యాల బొమ్మల్లా కనిపించాయి. దేవుడి పేరు చెప్పి, మనుషుల్ని పెట్టి వాటిని రంపంతో కోయించి పారేయించాడు. దేశం భగ్గుమంది. స్వాతంత్ర్యం తెచ్చిన మైకేల్ సొమారే ముసలితనంలో గొంతు చించుకున్నాడు. చదువుకున్నవాళ్ళు, మ్యూజియం వాళ్ళు వీధికెక్కారు, వ్యవహారం కోర్టుకెక్కింది, 2016లో కోర్టు స్పీకర్ చేసింది తప్పని తేల్చింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు జాలి కలగలేదు, ఈర్ష్య కలిగింది. అక్కడ రంపం పడింది గనక అరుపు లేచింది. మన దగ్గర పూర్వీకుల బొమ్మల్ని ఎవడూ నరకలేదు, ఎవడూ దయ్యాలనలేదు, ఏ స్పీకరూ ఆర్డరు వేయలేదు. మనమే వాటి వైపు వీపు తిప్పి కూర్చున్నాం. దానికి కేసు ఎవరి మీద వేయాలి?

నేనుండేది మహారాష్ట్ర సోలాపూరులో, విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో. ఇక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు పల్లెల నుంచి తాతల కాలంలో మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీల ఊరు ఇది. మగవాళ్ళు మిల్లులకు, తర్వాత పవర్‌లూం కార్ఖానాలకు పోయారు, చద్దర్లు నేశారు, టర్కీ టువాళ్ళు నేశారు. ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. వెయ్యి బీడీల లెక్కన కూలి. ఆ కూలీ తల్లులు ఏళ్ళ తరబడి మోర్చాలు తీసి, లాఠీలు తిని, సొంత ఇల్లు అనేదాన్ని సాధించుకున్నారు. ఊరి బయట కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరు మీద 10,000 ఇండ్లు కట్టారు, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. ఆ పక్కనే రే నగర్‌లో 30,000 ఇండ్ల పథకం, 2024 జనవరి 19న ప్రధాని మోదీ 15,000 ఇండ్ల తాళాలిచ్చారు. కార్మిక నాయకుడు ఆడం మాస్టర్ వెనక నడిచిన ఆ ఆడవాళ్ళ మొండితనం గురించి దేశమంతా రాశారు, రాయాల్సిందే.

ఇద్దరు ప్రధానుల్ని రప్పించుకున్న జాతి, తన కథ చెప్పేవాడికి ఒక్క రాత్రి ఆతిథ్యం ఇవ్వలేకపోతోంది. నా కడుపు మంట ఇదే.

మా కథ ఏమిటో మా పిల్లల్ని అడిగి చూడండి. మార్కండేయ మహాముని అంటారు, చేతులు జోడిస్తారు, అక్కడికి ఆగిపోతారు. మార్కండేయుడి యజ్ఞంలోంచి పుట్టిన భావనారుషి ఎవరు? విష్ణువు బొడ్డు తామర తూళ్ళ నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసినవాడెవడు? సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడి, కాళవాసురుడితో పోరాడి, పులినెక్కి వచ్చినవాడెవడు? 101 గోత్రాలు ఎవరి కొడుకుల నుంచి వచ్చాయి? ఇదంతా మాకు పుస్తకంలో దొరకలేదు. కూనపులివాళ్ళు చెప్పారు. చేర్యాల నకాషీలు గీసిన బట్ట పటాన్ని కర్రకు వేలాడదీసి, గజాల కొద్దీ పొడవున్న దాన్ని ఒక్కో గడీ విప్పుకుంటూ, బెత్తంతో చూపిస్తూ, రాత్రి తర్వాత రాత్రి పాడి చెప్పారు. పద్మశాలీలకు తప్ప ఇంకెవరికీ చెప్పరు, పద్మశాలీల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చేయి చాపరు.

తెలంగాణలో ప్రతి కులానికీ ఇలాంటి ఒక గొంతు ఉంది. గౌడులకు గౌడజెట్టి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి, గొల్లలకు మందహెచ్చులు. వీళ్ళలో మందహెచ్చుల పద్ధతి వేరు. వాళ్ళకు పటం లేదు. వాళ్ళ దగ్గర ఉన్నవి చెక్క బొమ్మలు.

ఆ బొమ్మల దగ్గర కొంచెం ఆగుతాను. కాటమరాజు, వల్లరాజు, గంగమ్మ, ఇంకా ఆ వంశపు వీరులూ వీరమాతలూ ఒక్కొక్కరికీ ఒక బొమ్మ. కథకుడు పెట్టె తెరిచి, కథలో ఎవరి వంతు వస్తే వాళ్ళను బయటికి తీసి నిలబెడతాడు. నెల్లూరి నల్లసిద్ధికీ గొల్లలకూ మధ్య పుల్లరి దగ్గర మొదలైన తగువు ఎర్రగడ్డపాటి పోరు దాకా పోతుంది. పోరు ముదిరే కొద్దీ చూసేవాళ్ళ ముందు బొమ్మల గుంపు పెరుగుతుంది. చచ్చిపోయిన తాతలు ఒక్కొక్కరే వచ్చి నీ ఎదుట నిలబడడం అంటే అదే. చూసే గొల్ల ముసలాయన బొమ్మకు దండం పెడతాడు, ఎందుకంటే అది ఆయన లెక్కలో బొమ్మ కాదు.

చేసే పనీ తక్కువది కాదు. పొణికి కర్ర తేలిక, మెత్తన, నిర్మల్ వాళ్ళూ కొండపల్లి వాళ్ళూ వాడేదీ అదే. దాన్ని చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పై నుంచి మెత్తి ముక్కూ మూతీ తీరుస్తారు. ఆ పైన సుద్ద పూత, దాని మీద రంగులు. కళ్ళు చివర్లో. కళ్ళు దిద్దేదాకా అది కర్ర. దిద్ది, పూజ చేసి, కథకుడి చేతికి అప్పగించాక అది పెద్దాయన. పటానికీ ఇదే వరస. బొమ్మ గొల్లలది, పటం మాది, కానీ రెండూ పుట్టేది ఒకే ఇంటి వసారాలో, ఒకే నకాషీ చేతిలో.

న్యూ ఐర్లండ్ అని మెలనీసియాలో ఒక సన్నటి పొడవాటి దీవి ఉంది. అక్కడ ఎవరైనా పోతే, ఏళ్ళు ఆగి, ఊరంతా కూడబెట్టుకుని, చివరి కర్మలకు మలగన్ అనే చెక్క బొమ్మల్ని చెక్కిస్తారు. పక్షులూ చేపలూ పాములూ మనిషి ఒంటిని అల్లుకున్నట్టుండే ఆ పనితనం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కళ్ళ స్థానంలో సముద్రపు నత్తగుల్ల మూతను పొదుగుతారు, పచ్చగా మెరుస్తుంది. ఇంత కష్టపడి చెక్కిన దాన్ని కర్మ అయిపోగానే ఏం చేస్తారనుకున్నారు? ఎండకూ వానకూ వదిలేస్తారు, లేదా కాల్చేస్తారు. న్యూగినీ నైరుతి తీరంలో అస్మత్ జాతివాళ్ళూ అంతే. చనిపోయినవాళ్ళ రూపాలు ఒకదాని భుజాల మీద ఒకటి నిలబడినట్టుగా ఎత్తైన బిస్ స్తంభాలు చెక్కుతారు. విందు ముగిశాక వాటిని తీసుకెళ్ళి సాగో చెట్ల తోపులో పడేస్తారు, కుళ్ళి ఎరువవ్వాలని. ఆ సాగో పిండే వాళ్ళ తిండి.

మరి అదీ నిర్లక్ష్యమే కదా అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కాదు. మలగన్ కుళ్ళిపోతుంది కానీ దాన్ని మళ్ళీ చెక్కే హక్కు ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కో, మేనమామ నుంచి మేనల్లుడికో జనం సాక్షిగా చేతులు మారుతుంది. కర్ర పోతుంది, హక్కు మిగులుతుంది. మనవాళ్ళూ ఈ మర్యాద ఎరిగినవాళ్ళే. చిరిగి, రంగు వెలిసి, ఇక విప్పడానికి పనికిరాని పటాన్ని కూనపులివాళ్ళు చెత్తలో వేయరు. మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్ళలో వదులుతారు. ఆ తర్వాత నకాషీ ఇంటికి వెళ్ళి కొత్త పటం చెప్పుకుంటారు. కొత్తది వచ్చిందని పద్మశాలీలకు కబురు పెడతారు. బట్ట నశించినా భావనారుషి నశించలేదంటే ఈ గొలుసు వల్ల.

ఇప్పుడు మా దగ్గర వ్యవహారం తలకిందులైంది. కర్ర మిగిలింది, హక్కు పోయింది. చేర్యాల బొమ్మలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి, హైదరాబాదు ఎగ్జిబిషన్లలో, విమానాశ్రయాల్లో, సాఫ్ట్‌వేరు ఇండ్ల గోడల మీద. చేర్యాల కళకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సోలాపూరు చద్దర్‌కూ వచ్చింది. ఎర్రటి మొహం, పెద్ద కళ్ళు, ముక్కుపుడక ఉన్న జంట తలలు కొని తలుపు పక్కన తగిలించుకుంటున్నారు. ఆ జంట ఎవరని అడగండి. “ట్రెడిషనల్ పీస్” అంటారు. నకాషీలను నేను ఒక్క మాట అనను. కొనేవాడు మారితే చేసేవాడు మారక ఏం చేస్తాడు, పిల్లల్ని సాకాలి. ఆ పని చచ్చిపోకుండా చేర్యాలలో పట్టుకుని నిలబడ్డ ధనాలకోట కుటుంబానికి ఎంత దండం పెట్టినా తక్కువే. కానీ ఒకప్పుడు వాళ్ళ గడప ముందు నిలబడింది కథకుడు. ఇప్పుడు నిలబడుతున్నది ఇంటీరియర్ డెకరేటర్.

కథకుడు ఎందుకు రావడం లేదు? ఇక్కడే మా పాపం మొదలవుతుంది.

కూనపులివాళ్ళది బిచ్చం కాదు, మిరాశీ. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళు అన్నది వాళ్ళలో వాళ్ళు పంచుకున్న హక్కు. ఆ ఊళ్ళలోని పద్మశాలీలు వాళ్ళకు బస ఇవ్వాలి, బియ్యమివ్వాలి, కథ ముగిశాక కట్నమివ్వాలి. పెళ్ళిలో అక్కచెల్లెళ్ళకు పెట్టే బట్టల్లాగా ఇది తప్పించుకోలేని బాకీ. పల్లెలో చేనేత పడిపోయింది. మేము సోలాపూరుకు, భీవండికి, సూరతుకు, బొంబాయికి చెదిరిపోయాం. మగ్గం తెచ్చుకున్నాం, గోత్రం తెచ్చుకున్నాం, బతుకమ్మ తెచ్చుకున్నాం, బాకీ మాత్రం ఊళ్ళో వదిలేసి వచ్చాం. కొందరు కథకులు పట్టువదలక పటాన్ని భుజాన వేసుకుని ఇక్కడి దాకా వచ్చేవారట. మా అమ్మ చిన్నప్పుడు చూసింది. బీడీకి దారం చుడుతూ చెబుతుంది: “పులి మీద ఎక్కి వస్తుంటె భయమైంది బిడ్డా. మా అవ్వ కొంగుల దాక్కున్న. మా నాయిన లేచి బొమ్మకు మొక్కిండు. మన గోత్రం పేరు ఎత్తి పాడుతుంటె ఆయినకు కండ్లల్ల నీళ్ళు. అర్ధ రూపాయి కట్నం చదివిచ్చిండు, అప్పటి అర్ధ రూపాయంటె చిన్నదా?” చిన్నది కాదు. దానికి ఎన్ని బీడీలు చుట్టాలో మా అమ్మకు తెలుసు.

ఇప్పటి మావాళ్ళు ఆ అర్ధ రూపాయి కాలం వాళ్ళు కారు. ఇక్కడ కార్ఖానాలున్నవాళ్ళు ఉన్నారు, స్కూళ్ళూ కాలేజీలూ నడిపేవాళ్ళు ఉన్నారు, కల్యాణ మంటపాలున్నవాళ్ళు ఉన్నారు. నూలు పున్నమి నాడు, మరాఠీవాళ్ళు నారళీ పౌర్ణిమ అంటారే ఆ రోజు, మార్కండేయ మహారథం కదిలితే తూర్పు సోలాపూరు రోడ్లు కిక్కిరిసిపోతాయి. రథోత్సవం మీద నాకు ఎంత ప్రేమో నా ఇంటివాళ్ళకు తెలుసు. ఆ ఊరేగింపులో పొద్దుటి నుంచి రాత్రి దాకా చెప్పులు లేకుండా నడిచే ముసలమ్మల్ని చూస్తే గుండె నిండుతుంది. ఆ వెనకాలే వచ్చే డీజే బండ్లను చూస్తే గుండె ఆగుతుంది, ఇది ఉపమానం కాదు, ఆ దడకు మా వీధి పెద్దలు చెవుల్లో దూది పెట్టుకుని లోపలి గదిలో కూర్చుంటారు.

ఒక పెద్దమనిషిని అడిగాను. ఉత్సవాల పనులు చూసే ఆయనే, పేరెందుకు, అలాంటివారు ప్రతి పేటలోనూ ఉన్నారు. “అన్నా, ఈసారి కూనపులివాళ్ళను పిలుద్దాం, మూడు రాత్రులు కాకపోతే ఒక్క రాత్రి” అన్నాను.

“తమ్మీ, పటం కథ ఎవడు చూస్తడు? పోరగాళ్ళకు డీజే కావాలె. లైటింగ్ కావాలె. మిరవణుకల పటం ఆపి నిలబెడితె వెనకంత జామ్ అయితది.”

“ఊరేగింపులో వద్దు, హాల్లో పెడదాం.”

“హాల్ కిరాయికి పోతది గద.”

మందహెచ్చుల బొమ్మల మాట కూడా ఎత్తాను. పక్క బస్తీ గొల్లల్ని కూడా పిలిచి, వాళ్ళ పెద్దల్ని ఒక రోజు, మన పెద్దల్ని ఒక రోజు నిలబెడదామని. ఆయన నవ్వాడు. “అవి గొల్లోళ్ళయి గదా, మనకేంది?”

మనకేంది! ఈ నాలుగు అక్షరాలే మన కొంప ముంచాయి. గొల్లవాడు పటం చూసి మనకేంది అంటాడు, పద్మశాలి బొమ్మ చూసి మనకేంది అంటాడు, మరాఠీవాడు రెండూ చూసి ఇవి తెలుగోళ్ళవి మనకేంది అంటాడు, హైదరాబాదువాడు వీళ్ళు సోలాపూరోళ్ళు మనకేంది అంటాడు. తిలా పాపం తలా పిడికెడు. నకాషీ అన్నవాడు మాత్రం కులం చూడకుండా అందరి తాతలకూ కళ్ళు దిద్దాడు.

ఇంకో సాకు ఉంది, దానికి కొంచెం జవాబు చెప్పాలి. పిల్లలు మరాఠీ మీడియంలో చదువుతున్నారు, తెలుగు అర్థం కాదంటారు. అబద్ధం. మా పిల్లలు తెలుగు రాయలేరు, చదవలేరు, నిజమే. కానీ ఇంట్లో నానమ్మతో పోట్లాడేది ఏ భాషలో? కూనపులివాళ్ళ పాట గ్రాంథికం కాదు, నానమ్మ మాట్లాడే మాటే. పైగా బొమ్మ ఉంది కదా ఎదురుగా, పులిని చూసి పులి అని తెలుసుకోవడానికి ఏ మీడియం కావాలి? ఇక మరాఠీ గడ్డకు ఈ విద్య కొత్తా? సింధుదుర్గ్ జిల్లా పింగుళీలో ఠాకర్ల చిత్రకథి ఉంది, బొమ్మలు చూపిస్తూ కథ చెప్పడమే. ఆ కుటుంబాల్లోని పరశురామ్ గంగావణే తన పశువుల కొట్టాన్ని ఖాళీ చేసి పాత బొమ్మలకు మ్యూజియం చేసుకున్నాడు. 2021లో పద్మశ్రీ ఇంటికి వచ్చింది. ఆయనకు గొడ్ల కొట్టం చాలింది. మాకు ఏసీ కల్యాణ మంటపాలుండీ చోటు లేదు.

ప్రభుత్వాల సంగతికి వస్తే ఎక్కువ చెప్పను, చెవిటివాడి ముందు శంఖమే. 2020లో తెలంగాణ ప్రభుత్వం బీసీ జాబితాలో 17 కులాలను కొత్తగా చేర్చింది. గౌడజెట్టి, కాకిపడగల, పటంవారు, తెరచీరలవారు అందులో ఉన్నారు. వందల ఏళ్ళుగా మిగతా కులాలన్నిటికీ వాళ్ళ వంశవృక్షం పాడి వినిపించినవాళ్ళు స్వతంత్రం వచ్చిన 73 ఏళ్ళకు గానీ జాబితాకెక్కలేదు. ఆలోచించండి, మీ తాత పేరు గుర్తుపెట్టుకున్నవాడి పేరు సర్కారుకు గుర్తు లేదు. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చి టీవీల్లో ఊరేగించారు. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనికి కూలికి పోతూ కనిపించాడు. పతకం ఉన్నవాడి గతే అదయితే పతకం లేని మందహెచ్చు గతి ఏమిటో నేను చెప్పాలా?

చట్టం మాటా అంతే. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన కళాఖండాన్ని కాపాడుతుంది, దేశం దాటి పోకుండా ఆపుతుంది. మంచిదే. కానీ బొమ్మకు నూరేళ్ళు నిండాలంటే నూరేళ్ళ పాటు దాన్ని ఎవడో ఒకడు పెట్టెలో పెట్టి మోయాలి కదా? ఆ మోసేవాడి గురించి చట్టంలో ఒక్క వాక్యం లేదు. హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల మ్యూజియంలో మా పద్మశాలీల పాత పటం ఉంది, దాని మీద పుస్తకాలు వచ్చాయి. ఆ దంపతులు కొని దాచకపోతే అదీ పోయేది, వాళ్ళకు రుణపడి ఉన్నాం. కాటమరాజు కథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు గారు వెతికి వెతికి అచ్చు వేయించారు. జయధీర్ తిరుమలరావు గారు ఊరూరా తిరిగి వాద్యాలనూ బొమ్మలనూ పోగేశారు. నిర్లక్ష్యం మధ్య ఒంటరిగా పనిచేసిన ఇలాంటి నలుగురు లేకపోతే నాకు ఈ మాత్రం రాయడానికీ ఆధారం ఉండేది కాదు. కానీ అద్దాల వెనక ఉన్న పటం పాడదు. దాన్ని చూడడానికి మా బీడీ తల్లి సోలాపూరు నుంచి హైదరాబాదుకు టికెట్ కొనుక్కుని వెళ్ళదు.

అద్దాల వెనకకు పోవడం అనే గతి మెలనీసియాకూ పట్టింది. జర్మన్లు పాలించిన కాలం నుంచి మలగన్ బొమ్మలు వేల కొద్దీ ఓడలెక్కి యూరపుకు పోయాయి. ఎరువుగా మారాల్సిన తాతలు బెర్లిన్‌లో నంబరు కట్టుకుని నిలబడ్డారు. 1961లో మైకేల్ రాక్‌ఫెల్లర్ అనే అమెరికా కోటీశ్వరుడి కొడుకు అస్మత్ తీరంలో స్తంభాలు కొంటూ తిరిగి, అక్కడి నీళ్ళలోనే మాయమైపోయాడు. అతను సేకరించినవి ఈరోజు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అతని పేరున్న విభాగంలో ఉన్నాయి. కానీ కథ అక్కడితో ఆగలేదు, అదీ నేను చెప్పదలచుకున్నది. అస్మత్ ముఖ్య పట్టణం అగాట్స్‌లో, బురద మీద చెక్క పలకలతో రోడ్లు వేసుకున్న ఊళ్ళో, 1973లో అస్మత్‌ల కోసమే ఒక మ్యూజియం పెట్టారు. ఏటేటా చెక్కేవాళ్ళకు పోటీలు పెట్టి, బాగా చెక్కినవాటిని కొని అక్కడే ఉంచారు. చెక్కేవాడు తన ఊరి జనం ముందు, తన భాషలో, తన పెద్దల పేరు మీద చెక్కాడు. అప్పట్లో కరెంటు సరిగా లేని ఊరది. సోలాపూరులో కరెంటు ఉంది, హైవేలున్నాయి, వందే భారత్ రైలు ఉంది, ఊరి మధ్యలో 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన నలుగురు హుతాత్ముల విగ్రహాలున్నాయి. పోయినవాళ్ళను నిలబెట్టి పూజించడం మాకు చేతకాని పనా? ఏటా జనవరి 12న ఆ నలుగురికీ దండ వేయడం తెలిసిన ఊరికి, భావనారుషి పటం ముందు పీట వేసి కూర్చోవడం తెలియదా?

విశ్వవిద్యాలయాల నుంచి పరిశోధకులు వస్తారు. ఫోనులో రికార్డు చేసుకుంటారు, గోత్రాలు రాసుకుంటారు, ఫొటో దిగుతారు, డాక్టరేటు పుచ్చుకుంటారు. ఆ సిద్ధాంత గ్రంథం ప్రతి ఒక్కటైనా పాడినవాడి ఇంటికి చేరిందా? నేను అందరినీ అనడం లేదు. కానీ ముసలి కథకుడు తన గొంతుతో నలుగురికి ఉద్యోగాలు ఇప్పించి, తన కొడుకును మాత్రం సెంట్రింగ్ పనికి పంపిన ఇండ్లు తెలంగాణలో ఉన్నాయి. ఆ కొడుకు నన్ను అడిగితే పటం పట్టుకోమని నేనెలా చెప్పను? ఏ మొహంతో చెప్పను? మిరాశీ ఊళ్ళు ఇవ్వాల్సిన బాకీ ఎగ్గొట్టిన కులంలో పుట్టి, “కళను కాపాడు నాయనా” అని సలహా ఇవ్వడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి!

బీడీ చుట్టే తల్లుల్ని ఈ లెక్కలోకి లాగకండి. వాళ్ళు ఇచ్చేవాళ్ళు. గుడికి ఇచ్చారు, యూనియన్‌కు ఇచ్చారు, ఇంటి కోసం రోజు కూలీ వదులుకుని మోర్చాలో కూర్చున్నారు. రేపు పటం కథ పెడితే ముందు వరసలో చాప వేసుకుని కూర్చునేది వాళ్ళే, కథ మధ్యలో లేచి పోనిదీ వాళ్ళే. వాళ్ళను ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు స్టేజీ మీద శాలువాలు కప్పుకుంటున్నారు. ఒకరికొకరు కప్పుకునే ఆ శాలువాల ఖర్చుతో చేర్యాలలో కొత్త పటం చెప్పవచ్చు. ఇందులో ఎకసెక్కెం లేదు, లెక్క వేసుకుని చూసుకోమంటున్నాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మ్యూజియం కట్టమనడం లేదు, అకాడమీ పెట్టమనడం లేదు. నూలు పున్నమికి ముందు మూడు రాత్రులు. కూనపులి బృందానికి రానూపోనూ ఖర్చు, బస, కట్నం. ఆ కట్నం చేతిలో పెట్టేటప్పుడు దానం ఇచ్చినట్టు ఫొటో దిగకుండా, బాకీ తీర్చినట్టు తల వంచి ఇవ్వాలి. పక్క బస్తీ గొల్లలు ఒప్పుకుంటే మందహెచ్చులకు ఒక రాత్రి, కాటమరాజు పరివారమంతా మా బయలులో నిలబడాలి. ఇక చేర్యాలకు ఒక కొత్త పటం ఆర్డరు. గోడకు తగిలించేందుకు కాదు, కథకుడి చేతికిచ్చేందుకు. ఆ పటానికి కళ్ళు దిద్దే రోజున మా పిల్లలు అక్కడ ఉండాలి.

వీలుకాదని అంటారు, తెలుసు. బడ్జెట్ అయిపోయిందంటారు, వచ్చే ఏడు చూద్దామంటారు. చూద్దామన్న ఏళ్ళలోనే పాడేవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే పోయాయి.

శ్రావణం వస్తోంది. వర్గణీ రసీదు పుస్తకాలు పట్టుకుని పోరగాళ్ళు ఇంటింటికీ బయలుదేరతారు. మా గల్లీకీ వస్తారు. తమ్ముళ్ళారా, చందా ఎగ్గొట్టే మనిషిని కాను, మీకు తెలుసు. కానీ ఈసారి ముందు మీ కమిటీ కాగితం మీద కూనపులివాళ్ళ రాత్రి ఏ తారీఖునో రాయించుకుని రండి. అది రాసి లేకపోతే నా పేరు మీద రసీదు చింపకండి, మా అమ్మ పేరు మీదా చింపకండి. ఆమె వెయ్యి బీడీల కూలి డీజే డీజిలుకు పోదు.